క్యాపిటలిజమా, సోషలిజమా? రెండు రకాల స్టోర్స్‌లో పనిచేసినవాడి సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. గ్రూప్ 2కి చదువుతున్నారు. పుస్తకంలో ఒక పట్టిక ఉంది, ఎడమ పక్క 'ప్రైవేటు ఆస్తి, లాభం, పోటీ', కుడి పక్క 'ప్రభుత్వ యాజమాన్యం, ప్రణాళిక, సమానత్వం'. దాన్ని బట్టీ కొట్టేశారు. కానీ సంక్రాంతికి ఊరెళ్తే ఎర్రజెండా పార్టీలో తిరిగిన బాబాయి ఒకటి చెబుతాడు, డాలస్‌లో ఉన్న మేనమామ వీడియో కాల్‌లో దానికి పూర్తి వ్యతిరేకంగా ఇంకోటి చెబుతాడు, ఇద్దరూ తెలివైనవాళ్లే. నిజంగా ఏది పనిచేస్తుంది, ఆ తేడా మామూలు మనిషికి ఎక్కడ తెలుస్తుంది, ఇంతకీ మన దేశం ఏ బాపతు అని మీ ప్రశ్న.

ముందు సూటిగా చెప్పేస్తాను. సబ్బు, చొక్కా, స్కూటరు, బేరింగు లాంటి వాటికి పోటీ ఉన్న మార్కెట్టే నయం. ఇందులో నాకు రెండో మాట లేదు. కొనేవాడికి 'వద్దులే, రేపు చూద్దాం' అనే వీలు లేనిచోట, అంటే ఆపరేషను, పిల్లల చదువు, తాగే నీళ్లు, అక్కడ అంతా మార్కెట్టుకే వదిలేస్తే డబ్బు లేనివాడు అసలు లెక్కలోకే రాడు. ఈ రెండింటికీ మధ్య బోలెడు సరుకు ఉంది, గొడవంతా అక్కడే. అక్కడ నేను 'యజమాని ఎవరు' అని ముందు చూడను. ధర నిజం చెబుతోందా, నష్టం వస్తే ఎవరి జేబుకు చిల్లు పడుతుంది, ఈ రెండూ చూస్తాను.

నేను ఆర్థికశాస్త్రం మాస్టారిని కాను. 1983లో హైదరాబాదులో ఒక ప్రభుత్వరంగ యంత్రాల ఫ్యాక్టరీ స్టోర్స్‌లో క్లర్కుగా చేరాను. స్టోర్స్, పర్చేజ్ కలిపి 19 ఏళ్లు చేసి, 2002లో వీఆర్‌ఎస్ (స్వచ్ఛంద పదవీ విరమణ) తీసుకున్నాను. ఆ తర్వాత 14 ఏళ్లు జీడిమెట్లలో ఒక ప్రైవేటు పంపుల కంపెనీలో అదే పని. కొనడం, దాచడం, లెక్క రాయడం. కాబట్టి నేను చెప్పేదంతా గోడౌన్ కిటికీలోంచి కనిపించినదే.

స్టోర్స్‌లో ప్రతి వస్తువుకూ ఒక బిన్ కార్డు ఉంటుంది. ఎప్పుడు ఎన్ని వచ్చాయి, ఎన్ని ఇచ్చాం, మిగిలినవి ఎన్ని, అంతే. మా పెద్ద ర్యాకులో కింది అరలో ఒక బేరింగు ఉండేది, గ్రీజు కాగితంలో చుట్టి, చెక్కపెట్టెలో. దాని కార్డు మీద 1979లో 12 వచ్చినట్టు, ఒకటి ఇచ్చినట్టు రాసి ఉంది. నేను చేరిననాడు మిగిలినవి 11. పందొమ్మిదేళ్ల తర్వాత నేను బయటికి వచ్చిననాడూ 11. మధ్యలో ఏటేటా స్టాకు తనిఖీకి వచ్చినవాళ్లు ఆ పదకొండునూ లెక్కపెట్టి టిక్కు కొట్టి వెళ్లేవారు.

మరి 12 ఎందుకు తెప్పించారు? ఆ రోజుల్లో విదేశీ సరుకు కావాలంటే ముందు ఆ వస్తువు మన దేశంలో ఎక్కడా తయారవడం లేదని ఢిల్లీలో డీజీటీడీ అనే ఆఫీసు నుంచి కాగితం రావాలి, ఆ తర్వాత దిగుమతి లైసెన్సు, ఆ తర్వాత విదేశీ మారకం. ఏడాదిన్నర మామూలు, ఏడాదికి వస్తే సంతోషం. ఫోర్‌మన్‌కు ఇది తెలుసు. మూడు కావాల్సినచోట పన్నెండని ఇండెంటు (సరుకు కావాలని అడిగే కాగితం) రాస్తాడు, పైన ఎలాగూ కోత పెడతారని. ఒక్కోసారి కోత పెట్టరు, పన్నెండూ వచ్చేస్తాయి. ఆయన దొంగ కాదు, తెలివితక్కువవాడూ కాదు, తన యంత్రం ఆగకూడదని తాపత్రయపడే మంచి ఫోర్‌మన్. కానీ దేశంలో ఉన్న ప్రతి ఫ్యాక్టరీలోనూ ఇలాంటి మంచి ఫోర్‌మన్ ఒకడు మూడుకు పన్నెండు రాస్తుంటే, నిజంగా ఒక్క బేరింగు అత్యవసరమైనవాడికి దొరకదు. కొరత ఉందని దాస్తాం, దాస్తున్నాం కాబట్టి కొరత.

తర్వాతెప్పుడో తెలిసింది, హంగేరీ ఆర్థికవేత్త యానోష్ కోర్నాయ్ సరిగ్గా ఈ జబ్బు గురించే జీవితమంతా రాశాడని. సోషలిస్టు దేశంలో ఉండి, కళ్లారా చూసి రాసినవాడు. మనుషులు చెడ్డవాళ్లు కావడం వల్ల కాదు, ఏర్పాటే అలా ఉండటం వల్ల కొరత పుడుతుందన్నాడు. మా ర్యాకు కింద ఉన్న చెక్కపెట్టె గుర్తొచ్చింది నాకు.

బయట జనానికి ఇదే జబ్బు ఇంకో రూపంలో తగిలేది. 1951 పరిశ్రమల చట్టం కింద ఏ ఫ్యాక్టరీ ఎంత తయారు చేయాలో లైసెన్సులో రాసి ఉండేది, అంతకు మించి చేస్తే నేరం! స్కూటరుకు డబ్బు కట్టి ఏళ్లూ పూళ్లూ ఎదురుచూడటం, కట్నాల బేరంలో స్కూటరు అలాట్‌మెంటు కాగితం పెట్టడం, మా తరం వాళ్లందరికీ తెలిసిన ముచ్చటే. 1991లో 84 కోట్ల పైచిలుకు జనానికి దేశం మొత్తమ్మీద ఉన్న టెలిఫోన్లు దాదాపు 50 లక్షలు. సోషలిస్టు తూర్పు జర్మనీలో ట్రబాంట్ కారుకూ ఇంతే, పదేళ్లకు పైగా క్యూ. అదే జాతి, అదే భాష, అదే పనితనం, బెర్లిన్ గోడకు అవతలి పక్క, పశ్చిమ జర్మనీలో, కారు కావాలంటే షోరూముకెళ్లి తెచ్చుకోవడమే. 1989 నవంబరులో ఆ గోడ పడిపోయినప్పుడు మా క్యాంటీన్‌లో ఇద్దరు యూనియన్ లీడర్లు వారం రోజులు మాట్లాడుకోలేదు, అది వేరే కథ.

ధర అంటే కేవలం అంకె కాదు, అది కబురు. 1945లో హయెక్ అనే ఆర్థికవేత్త చెప్పిన పాయింటు ఇదే, నాకు ఇందులో ఎక్కడా తప్పు కనిపించలేదు. రాగి ధర పెరిగితే నేను జీడిమెట్లలో కూర్చుని రాగి తక్కువ వాడే మార్గం వెతుకుతాను. చిలీలో గనిలో సమ్మె జరిగిందో, చైనాలో గిరాకీ పెరిగిందో నాకు తెలియక్కర్లేదు. మాస్కోలో గోస్‌ప్లాన్ (సోవియట్ ప్రణాళికా సంస్థ) వాళ్లు ఇదే పనిని కాగితాల మీద, లక్షల వస్తువులకు, ముందే లెక్కకట్టి చేయాలనుకున్నారు. ఉక్కు, కరెంటు, రాకెట్టు, ఇలాంటి ఏవో కొన్ని పెద్ద వస్తువుల మీద దేశం మొత్తం బలం పెట్టాలంటే అది పనిచేస్తుంది, 1957లో స్పుత్నిక్, 1961లో గగారిన్, ఇవి అబద్ధాలు కావు. ఫలానా ఊళ్లో ఫలానా సైజు చెప్పులు ఎన్ని కావాలో లెక్కకట్టాల్సి వచ్చేసరికి అది చతికిలబడింది. ఇక పొలాలు లాక్కుని సమష్టి వ్యవసాయంలోకి తోసినప్పుడు 1932-33లో ఉక్రెయిన్‌లో, ఇంకా చుట్టుపక్కల లక్షలాది మంది ఆకలితో చచ్చిపోయారు. దీన్ని 'లోపం' అని ఒక్క ముక్కలో రాసే గైడు పుస్తకాలంటే నాకు ఒళ్లు మంట.

అయితే మార్కెట్టు ధర నిజమే చెబుతుంది గానీ ఆలస్యంగా చెబుతుంది, ఆ ఆలస్యానికి మూల్యం ఎవరో ఒకరు కట్టాలి. గుంటూరు యార్డులో ఒక ఏడాది మిర్చి మంచి ధర పలికితే మరుసటి ఏడాది అందరూ మిర్చే వేస్తారు, పంట చేతికొచ్చేసరికి ధర పడిపోతుంది. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి. పుస్తకంలో దీన్ని 'సర్దుబాటు' అంటారు. సర్దుకునేది ధర కాదు, రైతు.

రెండో ప్రశ్న నష్టం సంగతి. మా పాత ఫ్యాక్టరీలో మార్చి వచ్చిందంటే పండగే. బడ్జెట్ మిగిలిపోతే వచ్చే ఏడు కోత పడుతుందని, ఫిబ్రవరి దాకా పెన్సిలు కూడా ఇవ్వనివాళ్లు మార్చి 20 నుంచి ఫ్యాన్లు, కుర్చీలు, అవసరం లేని ఆయిలు డ్రమ్ములు కొనిపించేవారు. కంపెనీ ఏడేళ్లు వరసగా నష్టాల్లో ఉన్నా ఒకటో తారీకు జీతం ఆగలేదు. నా జీతంతో సహా, కాబట్టి నేను పెద్దగా నీతులు చెప్పను. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందని మనవాళ్లు ఊరికే అనలేదు. ప్రైవేటు కంపెనీలో చేరిన మొదటి వారంలోనే ఓనరు నన్ను పిలిచి అడిగిన మొదటి ప్రశ్న, "ఈ సరుకు ఎన్నాళ్లుగా కూర్చుంది?" పాత చోట 19 ఏళ్లలో ఆ ప్రశ్న నన్ను ఒక్కరూ అడగలేదు. కూర్చున్న సరుకు వడ్డీ తింటుందని ఆయనకు ఒంట్లో ఇంకిపోయిన విషయం, ఎందుకంటే ఆ వడ్డీ ఆయన కట్టేది.

ఇక్కడిదాకా చదివి మేనమామే గెలిచాడని అనుకోకండి.

అదే ఓనరు 2008 చివర్లో, అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలి ఇక్కడ ఆర్డర్లు పడిపోయినప్పుడు, ఒక శనివారం మధ్యాహ్నం నన్ను పిలిచి జాబ్‌వర్క్ ఆర్డర్లన్నీ, అంటే బయటి షెడ్లకు ఇచ్చే పనులన్నీ, ఆపేయమన్నాడు. బాలానగర్‌లో రెండు లేతులతో చిన్న షెడ్డు నడిపే ఒకాయన మాకు షాఫ్టులు చేసి ఇచ్చేవాడు. రెండో లేతు మా ఆర్డర్లను నమ్ముకునే అప్పు చేసి కొన్నాడు. సోమవారం పొద్దున ఆయన టీవీఎస్ మోపెడ్ మీద గోనెసంచీలో నలభై షాఫ్టులు వేసుకుని వచ్చాడు. "సార్, ఇవి ముందే అయిపోయాయి, ఇవైనా తీసుకోండి" అన్నాడు. పాత తారీకు వేసి రసీదు రాసి తీసుకున్నాను. నా చేతిలో ఉన్నది అంతే. మూడు నెలలకు ఆ రెండో లేతు అమ్మేశాడని విన్నాను. మా కంపెనీ ఏడాదిన్నరలో కోలుకుంది. ఆ ఖర్చు మా ఖాతా పుస్తకంలో ఎక్కడా కనిపించదు.

ఇంకో తమాషా చూడండి. చిన్న షెడ్డువాడి నష్టం వాడిదే. అదే అమెరికాలో పెద్ద బ్యాంకులు మునిగేసరికి ఆ అక్టోబరులోనే 70,000 కోట్ల డాలర్ల సాయానికి చట్టం చేశారు. లాభం వచ్చినన్నాళ్లూ ప్రైవేటు, నష్టం రాగానే తలా పిడికెడు. కోర్నాయ్ సోషలిస్టు ఫ్యాక్టరీల గురించి చెప్పిన మెత్తటి బడ్జెట్, అంటే ఎంత నష్టపోయినా పైనుంచి ఎవరో ఆదుకుంటారన్న ధీమా, వాల్‌స్ట్రీట్ బ్యాంకులకూ ఉందన్నమాట. మేనమామ ఈసారి ఫోన్ చేస్తే ఇది అడగండి.

అలాగే మా పాత ఫ్యాక్టరీ కాలనీ. స్వీపర్ కొడుకూ జనరల్ మేనేజర్ కూతురూ ఒకే స్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చున్నారు. కంపెనీ ఆస్పత్రిలో మా నాన్నకు రెండుసార్లు ఆపరేషను అయింది, నేను బిల్లు అనే కాగితం చూడలేదు. ఆ స్వీపర్ కొడుకు ఇప్పుడు ఇంజినీరు, ఆ కాలనీలో అలాంటివాళ్లు పదుల సంఖ్యలో ఉన్నారు. మా పదకొండు బేరింగులనూ చూసి నవ్వేవాళ్లు దీన్నీ లెక్కలో వేసుకోవాలి. జీడిమెట్లలో నా కింద పనిచేసిన స్టోర్ కీపరు భార్యకు కాన్పు కష్టమైతే, ప్రైవేటు ఆస్పత్రి అడ్వాన్సు కోసం బైకు తాకట్టు పెట్టాడు. ఆ రాత్రి అతను 'ధర నచ్చలేదు, ఇంకో షాపు చూస్తా' అనగలడా? బేరం చేయలేనివాడికి మార్కెట్టులో చోటు లేదు. నా ఉద్దేశంలో బాబాయి వాదనలో గట్టి పాయింటు ఇదొక్కటే, కానీ చాలా గట్టిది.

ఇప్పుడు కొన్ని గందరగోళాలు, పరీక్షకూ పనికొస్తాయి.

సంక్షేమం వేరు, సోషలిజం వేరు. స్వీడన్‌ను సోషలిస్టు దేశం అంటుంటారు, అక్కడ కంపెనీలు ప్రైవేటువే, పన్నులు మాత్రం భారీ. 1983లో ఎన్టీఆర్ కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చినప్పుడు పొలాలు ప్రభుత్వానివి అయిపోలేదు, మిల్లులు మిల్లర్లవే. బ్రిటన్ పెట్టుబడిదారీ దేశమే, కానీ 1948 నుంచి అక్కడ ఆస్పత్రులు ప్రభుత్వానివి. మన ఆరోగ్యశ్రీ ఇంకో రకం, 2007లో మొదలైంది, డబ్బు ప్రభుత్వానిది, ఆపరేషను చాలావరకు ప్రైవేటు ఆస్పత్రిలో. ఇది ఏ వరుసలోకి వస్తుంది? మీ పట్టికలో దీనికి గడి లేదు.

చైనా గురించి రెండు ముక్కలు. 1978 చలికాలంలో అన్హుయి రాష్ట్రంలో షియావోగాంగ్ అనే పల్లెలో 18 కుటుంబాలు రహస్యంగా కూడి, సమష్టి పొలాన్ని ఇళ్లవారీగా పంచుకుంటూ కాగితం రాసుకున్నాయి. పట్టుబడి ఎవరైనా జైలుకెళ్తే వాళ్ల పిల్లల్ని మిగతావాళ్లు పెంచాలని కూడా రాసుకున్నారు. పంట ఒక్కసారిగా పెరిగింది, తర్వాత ప్రభుత్వమే ఆ పద్ధతిని దేశమంతా తెచ్చింది. పార్టీ పేరు మాత్రం ఇప్పటికీ కమ్యూనిస్టు పార్టీయే.

ప్రభుత్వానిది అంటే నష్టమే అనుకోవడమూ తొందరపాటే. విశాఖ ఉక్కు చూడండి. 1966 ఉద్యమంతో సాధించుకున్న ఫ్యాక్టరీ. దానికి సొంత ఇనుప గనులు ఇవ్వలేదు, ముడి ఖనిజం బయట కొనాలి. గనులు ఉన్న పోటీదారులతో అదే మార్కెట్లో అమ్మాలి. ఇప్పుడది నష్టాల్లో ఉందంటే అది సోషలిజం తప్పా, చేతులు కట్టేసి ఈదమన్నవాళ్ల తప్పా? 2021లో కేంద్రం వంద శాతం వాటా అమ్మాలని నిర్ణయించింది, 2025 జనవరిలో మళ్లీ అదే కేంద్రం 11,440 కోట్ల ప్యాకేజీ ఇచ్చింది. గనులు లేకపోవడం ఒక్కటే కారణమని నేనూ అనను, అప్పులు, వడ్డీలు, మా ఫ్యాక్టరీలో చూసిన జబ్బులు అక్కడా కొన్ని ఉండే ఉంటాయి. కానీ దాన్ని ఒక్క ముక్కలో 'ప్రభుత్వ రంగం విఫలం' అని తేల్చేసేవాళ్లతో నేను ఏకీభవించను.

ఈ రెండూ కాని దారి ఒకటుంది, మన దగ్గరే. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లి మండలంలో ముల్కనూరు. 1956లో అలిగిరెడ్డి కాశీ విశ్వనాథరెడ్డి గారు రైతులతో పెట్టించిన సహకార సంఘం. అప్పు ఇస్తుంది, ఎరువు ఇస్తుంది, వడ్లు కొంటుంది, మిల్లు ఆడిస్తుంది. యజమానులు సభ్యులైన రైతులే, కాబట్టి నష్టం వస్తే చిల్లు పడేది వాళ్ల జేబుకే, లాభమూ వాళ్లదే. మరి మిగతా ఊళ్లలో సహకార సంఘాలు ఎందుకు చచ్చాయి? చాలాచోట్ల అవి పేరుకే సహకారం, నడిపింది అధికారులూ పార్టీలవాళ్లూ. అప్పు సర్కారు సొమ్ము అనుకున్నవాడు తిరిగి కట్టడు, తన పొదుపు అనుకున్నవాడు పక్కవాడి చేత కూడా కట్టిస్తాడు. 1995లో ఆంధ్రప్రదేశ్ పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం తెచ్చింది ఈ సర్కారు చెయ్యిని తప్పించడానికే. పరీక్షలో సహకార రంగం మీద ప్రశ్న వస్తే ఈ చట్టం రాయండి, చాలామంది రాయరు.

తమాషా ఏమిటంటే పి.వి. నరసింహారావు గారి వంగర కూడా ఆ మండలమే. ముఖ్యమంత్రిగా 1972లో భూపరిమితి కోసం పట్టుబట్టి పెద్ద భూస్వాములతో వైరం తెచ్చుకున్నది ఆయనే, ప్రధానిగా 1991 జులై 24న, పరిశ్రమల శాఖ తన దగ్గరే ఉంచుకుని, 18 పరిశ్రమలు తప్ప మిగతా వాటన్నిటికీ లైసెన్సు తీసేసిందీ ఆయనే. అప్పటికి ఖజానాలో డాలర్లు రెండు మూడు వారాల దిగుమతులకే సరిపోతాయి, బంగారం తాకట్టుకు వెళ్లింది. మా ఫ్యాక్టరీలో ఆ రోజు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. రెండేళ్లకు అదే రకం బేరింగు సికింద్రాబాద్ రాణిగంజ్‌లో షాపు కౌంటర్ మీద, ఆ సాయంత్రమే దొరికింది. ర్యాకులో ఉన్న మా పదకొండూ ఆ రోజుతో తుక్కయ్యాయి, లెక్కల పుస్తకంలో మాత్రం 1979 ధరే.

చివరగా, మన దేశం ఏ బాపతు అన్నారు. 'సామ్యవాద' అనే మాట రాజ్యాంగ పీఠికలోకి వచ్చింది 1976లో, 42వ సవరణతో. దాన్ని తీసేయాలన్న పిటిషన్లను 2024 నవంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది. మన దగ్గర ఆ మాటకు అర్థం సంక్షేమ రాజ్యమని, ప్రైవేటు వ్యాపారానికి అది అడ్డు కాదని చెప్పింది. అదే నెలలో తొమ్మిది మంది జడ్జీల బెంచి, ప్రైవేటు ఆస్తులన్నిటినీ సమాజపు వనరులుగా లెక్కగట్టడం కుదరదని ఇంకో కేసులో తేల్చింది. కాబట్టి జవాబు పత్రంలో 'మిశ్రమ ఆర్థిక వ్యవస్థ' అని రాసి, ఈ మూడు పాయింట్లూ కింద పెట్టండి. పట్టిక అడిగితే మాత్రం ఇవేవీ రాయకుండా పట్టికే గీయండి, మార్కులు దానికే.